పరీక్ష తూటా

“పేలుతదా, పేలదా? ఒక్కటే మాట చెప్పు సీమోనూ!”

విశ్వేశ్వర్ సేట్ ఆ మాట అడగడం పొద్దుటి నుంచి ఎన్నోసారో. కింద ఇత్తడి సామాన్ల దుకాణంలో బేరాలు వదిలేసి, ఆయాసపడుతూ మిద్దె ఎక్కి వచ్చాడు. చాప మీద రైఫిలు ముందు పెట్టుకుని కూర్చున్న సీమోను తల ఎత్తలేదు. ఫలక్‌నుమాలో తుపాకులు బాగుచేసే అతనికి చేతిలో పని ఉంటే చెవులు పనిచేయవు.

“పేలుతది సేట్. జర ఓపిక పట్టు.”

“ఏం ఓపిక! లోపల కోడలు నొప్పులు పడుతున్నది. మొగపిల్లగాడు పుట్టంగనే తుపాకి పేలాలె. మా తాత కాలం నుంచి గిదే రివాజు. ఇయ్యాల పేలలేదనుకో, బేగంబజార్ల నా పరువు గంగల కలుస్తది.”

సేట్ ఇంట్లో మగపిల్లవాడు పుడితే మిద్దె మీద తుపాకి పేలుతుంది, బజారంతా మిఠాయికి వస్తుంది. ఆడపిల్ల పుడితే ఇరుగుపొరుగుకు ఇంత బెల్లంముక్క పంపి ఊరుకుంటారు. ఈసారి చిక్కు తుపాకితోనే వచ్చింది. తాతగారి ఆ చిన్న రైఫిలుకు సరిపోయే తూటాలు ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పుడు దొరికే సన్న తూటాకు దాన్ని మార్చమని సేట్ సీమోనుకు అప్పగించాడు. లైసెన్సులో కూడా మార్పు రాయించుకున్నాడు. సీమోను పాత గొట్టంలో సన్న గొట్టం ఒకటి దిగేసి బిగించాడు, తూటా మడమను పట్టుకునే బోల్టును దానికి తగ్గట్టు సవరించాడు. ఇక మిగిలింది పేల్చి చూడటమే.

“ఒక్కపారి పేల్చి చూస్త సేట్.”

“పిచ్చి లేసిందా? పేలితే బజారంత ఉరికొస్తది! లోపలి నుంచి కబురొచ్చేదాక దాన్ని ముట్టకు.”

సేట్ వేలు చూపించి మరీ చెప్పి దిగిపోయాడు. పేల్చి చూడని తుపాకి మీద సీమోనుకు, యేసుప్రభువు మీద ఉన్నంత నమ్మకం లేదు.

కాసేపటికి సేట్ భార్య విమలాదేవి పైకి వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ కాబోలు అనుకున్నాడు సీమోను.

“అయిందా సీమోనూ?”

“అయిందమ్మా. గని ఇంక పేల్చి చూడలేదు.”

“మరి చూడు.”

“సేట్ వద్దన్నడు.”

“తీరా అప్పుడు పేలకపోతే తిట్లు పడేది నువ్వా, ఆయనా? అగో, ఆ మూల ఇసుక బస్తా ఉన్నది. దాంట్ల పేల్చు. నేను చెప్తున్న గద!”

సీమోనుకూ చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. తూటా పెట్టి, బోల్టు మూసి, ఇసుక బస్తాలోకి పేల్చాడు. ఠాప్పుమంది. బోల్టు లాగగానే ఖాళీ గుల్ల బుద్ధిగా ఎగిరి చాప మీద పడింది. సంతోషం పట్టలేక ఆ గుల్లను తీసి ముద్దు పెట్టుకున్నాడు, పెదవి కాలింది.

చప్పుడు చిన్నదే. కానీ బేగంబజార్ చెవులు పెద్దవి.

“సేట్‌కు మనవడు! ముబారక్ సేట్, ముబారక్!” సందులోంచి జనం విరుచుకుపడ్డారు. హమాలీలు బస్తాలు దించేసి వచ్చారు. మిఠాయి కొట్టు అమరనాథ్ అడగకుండానే లడ్డూల గంప మోసుకొచ్చాడు. ఎక్కడినుంచి ఊడిపడ్డారో మర్ఫా వాయించేవాళ్ళు, డప్పులు మొదలయ్యాయి.

“కాలేదు! ఇంక కాలేదు! గది ఉత్త పరీక్ష!” సేట్ గొంతు చించుకున్నాడు.

“లడ్డూలకు భయపడి పిల్లగాన్ని దాస్తున్నవా సేట్?” ముసలి హమాలీ శివయ్య అనేసరికి అందరూ గొల్లుమన్నారు. అప్పటికే సగం గంప ఖాళీ అయింది.

సేట్ మిద్దె మీదికి ఉరికాడు. “నా కొంప ముంచినవు గద సీమోనూ! ఇప్పుడు ఆడపిల్ల పుడితే ఏం మొఖం వెట్టుకోవాలె?”

“అమ్మనే పేల్చుమన్నది సేట్...”

“అవ్, నేనే అన్న,” అంది విమలాదేవి తాపీగా. “నీ పరువు కోసమే గద.”

సీమోను సామాన్లు సంచిలో కుక్కుకుంటూ, మగపిల్లవాడిని ఇమ్మని తన ప్రభువునూ, సేట్ దేవుళ్ళనూ కలిపి వేడుకున్నాడు. సేట్ వెంటే కిందికి దిగాడు.

చివరికి లోపలి తలుపు తీసుకుని మంత్రసాని సత్తెమ్మ వచ్చింది, చేతుల్లో మెత్తటి పాతచీర మూట.

“లచ్చిందేవి వచ్చింది సేట్. ఆడపిల్ల.”

డప్పులు ఆగాయి. సేట్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడు లడ్డూ నములుతూనే అరిచాడు శివయ్య:

“ఆడపిల్లకు తుపాకి పేల్చిండుర మన సేట్! బజార్ల ఇదివరకు ఎవడన్న చేసిండా? శాబాష్!”

“శాబాష్!” అంది సందంతా. డప్పులు ఈసారి రెట్టింపుగా మోగాయి. సేట్ ఏదో చెప్పబోయాడు. మూటలోంచి చిన్న చెయ్యి వచ్చి ఆయన వేలు పట్టుకుంది. అంతే, ముసలాయన కరిగిపోయాడు.

“అవ్! నేనే పేల్పించిన!” అన్నాడు మీసం దువ్వుతూ. “అమరనాథ్, ఇంకో గంప తే!”

సీమోనుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. పాపను చూస్తూ సత్తెమ్మ పక్కకు చేరాడు.

“బతికిపోయిన అక్కా. నా తుపాకి చప్పుడుకు, నొప్పులల్ల ఉన్న తల్లి జడుసుకోలేదు గద?”

“తల్లి ఏడ జడుసుకున్నది!” నవ్వింది సత్తెమ్మ. “బిడ్డనే ఉలిక్కిపడ్డది. అమ్మ నీళ్ళు కాచి ఇచ్చి మిద్దె ఎక్కింది, నేను అప్పుడే కాళ్ళ మీద పండవెట్టుకొని నీళ్ళు పోస్తున్న.”