ఒడ్డు పిలుపు

తెర మీద కథానాయిక నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

వెనక వరసలోంచి మాత్రం ఒక ముసలి గొంతు లేచింది.

"ఓ మావా... ఇటు... ఒడ్డు ఇటున్నాదీ..."

హాలంతా గొల్లుమంది.

ముందు వరసలో కూర్చున్న నగరేశ్వరరావుకు ఒళ్లు మండిపోయింది.

అది 2013. భారతీయ సినిమాకు నూరేళ్లు నిండిన సందర్భంగా, దేశంలో ఏటా ఇచ్చే ఉత్తమ చిత్ర బహుమతిని తొలినాటి నుంచి గెలుచుకున్న చిత్రాలను శ్రీకాకుళంలోని ఒక ఫిలిం సొసైటీ ప్రదర్శిస్తోంది. అరసవల్లి దారిలోని కల్యాణమండపం గోడల నిండా విజేతల ఫొటోలు. పతకం అందుకుంటున్న నిర్మాతలు, శాలువాలు కప్పుకున్న దర్శకులు, పూలగుత్తులతో తారలు. ఎండలో షూటింగు దీపాలు మోసినవారికీ, నీళ్లలో పడవలు తోసినవారికీ ఆ గోడల మీద చోటు లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఇత్తడి సామాన్ల వర్తకుడు నగరేశ్వరరావు ఆ సొసైటీకి అధ్యక్షుడు. ఉత్సవమంతా ఆయన ఎదురుచూసింది ఈ ఒక్క చిత్రం కోసం.

యాభై ఏళ్ల కిందట భావనపాడు ఒడ్డున తీసిన చిత్రం. ఆ బహుమతి గెలిచిన చిత్రం. బాల్యంలో తల్లి పక్కన కూర్చుని ఒకే ఒక్కసారి చూశాడు.

మునిమాపు వేళ కెరటాల వెనక ఒడ్డు కనబడనప్పుడు జాలరి ఆడవాళ్లు ఇసుకలో నిలబడి పిలుస్తారు. వేటకెళ్లిన మగవాళ్లు ఎవరి ఇల్లాలి గొంతు పట్టుకుని వారు పడవ తిప్పుకుంటారు. చిత్రంలో కథానాయిక కూడా అలాగే పిలుస్తుంది. ఆ పిలుపు సాగి సాగి, చివరలో చటుక్కున వంగుతుంది, అలిగినవాణ్ణి బతిమాలుతున్నట్టు. ఆ వంపు దగ్గర తల్లి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. తల్లి పోయింది. వంపు మిగిలింది.

దాన్ని మరొక్కసారి వినాలని మద్రాసులో అడిగాడు, పూనాలో అడిగాడు, కలకత్తాలో అడిగాడు. చివరికి ఒక పాత ప్రతి దొరికింది. బొమ్మ నిలిచింది కానీ శబ్దం పూర్తిగా చెడిపోయింది.

"ఆ నటీమణి గొంతు ఇక మనకు లేదు," అని ప్రదర్శనకు ముందు ఆయన గద్గదంగా ప్రకటించాడు కూడా. ఆ పిలుపుకు ఆమెను పొగడని పత్రిక ఆనాడు లేదు.

అటువంటి నిశ్శబ్దంలో ఈ కేక.

ఆయన లేచి విసవిసా వెనక్కి నడిచాడు. ఎండుచేపల వాసన. కాళ్ల దగ్గర బుట్ట పెట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. చూపు తెర మీది నుంచి కదలడం లేదు.

"ఓ మావా... రా... ఒడ్డు ఇటు..."

పిలుపు ఇంకా సాగుతూనే ఉంది. చివరికి చేరకముందే ఆయన దాన్ని తెంపేశాడు.

"ఏటమ్మా ఇది? సంతనుకున్నావా?"

"ఆ పిల్ల నోరు తెరిసింది బాబూ. మాట రానేదు. పడవ ఎటెల్తాది మరి?"

పక్క వరసలోంచి ఎవరో అందుకున్నారు. "మామ్మా, మీ మావ ఇంటికెల్లిపోనాడు. నువ్వూ ఎల్లు."

మళ్లీ నవ్వులు.

"ఉపేంద్రా, ఈవిణ్ణి బయటికి పంపించు."

"కూసింతసేపు సూసి ఎల్లిపోతాను బాబూ. పడవ ఇంకా ఒడ్డుకి రానేదు."

"వస్తుంది. అది సినిమా. నీకెందుకు?"

సొసైటీ కార్యదర్శి ఉపేంద్ర ఆమె బుట్ట తీసి గుమ్మం అవతల పెట్టాడు. ఆమె మెడ తిప్పి తెరనే చూస్తూ బుట్ట వెనకే వెళ్లింది.

తలుపు మూశారు. హాలు మర్యాదగా నిశ్శబ్దమైంది.

వానలు పట్టుకున్నాక ఒక ఆటో డ్రైవరు నగరేశ్వరరావు కొట్టు మెట్లెక్కాడు.

"సావుకారు బాబూ, నా పేరు ధనరాజు. మాది భావనపాడు. మీరేసిన ఆ పాత బొమ్మ నా సెల్లులో ఎక్కించి ఇస్తారేటి?"

"అది అందరికీ పంచిపెట్టేది కాదయ్యా. బహుమతి పొందిన చిత్రం. అయినా మాటల్లేని సినిమా నీకెందుకు?"

"నాక్కాదు బాబూ, మా మామ్మ లక్ష్మణమ్మకి. ఆ దినం మీరు గెంటీసినారు కదా, ఆవిడికి."

నగరేశ్వరరావు తుడుస్తున్న చెంబు కింద పెట్టాడు.

"గోల చేసిందోయ్. మళ్లీ వేసినప్పుడు రమ్మను. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను."

"ఇంకేటి వస్తాది బాబూ. పక్షవాతం వచ్చి మాట పడిపోనాది. సూపొక్కటే ఉన్నాది. సెయ్యి ఇలాగ పడవలాగ ఆడించి అడుగుతాది."

"పడవేమిటి?"

"ఆ బొమ్మలో పడవ నడిపినోడు మా తాత. మరుసటేడు సముద్రానికెల్లి మరి రానేదు. ఇంట్లో ఫొటో కూడా నేదు. ఆయన మొకం మిగిలింది అందులోనే."

నగరేశ్వరరావు స్వరం తగ్గింది. "అందుకా ఆ రోజు పిలిచింది?"

"అందుకే. తాత పోయినకాడ్నించి ఒడ్డు మీద పిలవడం మానీసింది. ఆ దినమే మళ్లీ నోరెత్తింది."



"ఉపేంద్రతో చెబుతాను, ఎక్కించి ఇస్తాడు," అన్నాడు నగరేశ్వరరావు. తర్వాత, తనలో తాను అనుకుంటున్నట్టుగా, "శబ్దం కూడా ఉంటే ఎంత బాగుండేది. ఆ నటీమణి పిలుపు విని మీ మామ్మ ప్రాణం కుదుటపడేది."

ధనరాజు ఆయన్ని వింతగా చూశాడు.

"ఆ పట్నపావిడ ఎంత పిలిసినా మా తాత పడవ తిప్పనేదు బాబూ, అప్పుడు ఆవిడిని ఉత్తినే నోరు తెరవమని, కెమెరా ఎనకాల ఇసకలో నిలబెట్టి మా మామ్మ సేత పిలిపించినారు, ఆ గొంతే సినిమాకి ఎక్కించినారు."