కందిపప్పు చప్పుడు

ఇప్పుడు బడిపిల్లలందరి చేతులకూ ఆసక్తి కడియాలున్నాయి. మనసు దేనిమీదైనా నిలిస్తే అవి నీలంగా వెలుగుతాయి. ఆటిజం ఉన్న మా హిమజ కడియం పాఠాలకు వెలగదు, జడ వేసుకోవడం నేర్పినా వెలగదు. కందిపప్పు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోస్తుంటే మాత్రం వంటిల్లంతా నీలమైపోతుంది. ఆ నీలం బడివాళ్ల లెక్కలోకి రాదట!

"ఆ పని మాన్పించండమ్మా. లేకపోతే పాపను వేరే బడికి మార్చేస్తారు," అంది కడియాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సుభాషిణి, నివేదిక రాస్తూ.

హిమజ తన కడియం తీసి నా చేతికి తొడిగింది. కూర తరిగాను, అంట్లు తోమాను. అది వెలగలేదు.

"అమ్మా, పప్పు," అంటూ గిన్నె అందించింది.

పోశాను. దూరంగా వాన మొదలైనట్టు సన్నని చప్పుడు. నా చెయ్యి నీలంగా వెలిగింది.

సుభాషిణి కలం పక్కన పెట్టింది. మెల్లగా చెయ్యి చాపి, "నాకూ ఒకసారి తొడగవా, హిమజా?" అంది.