ఊకె నిలవడ్డ మనిషి

"అంబదాసూ, గా సాంచె ఆగింది. కండె మార్చు!" సాంచెలని పిలిచే మరమగ్గాల షెడ్డులో వెంకటేశం సేటు గొంతు చించుకున్నాడు.

అంబదాసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కండెలో నూలు అయిపోయి రెండో సాంచె ఆగింది. మూడోదీ ఆగింది.

ధరల మీద, ఎన్నికల మీద, సినిమాల మీద పాడ్‌కాస్టులు చేసే సృజన, షెడ్డులో పని రికార్డు చేయడానికి వచ్చి, మైకు పట్టుకుని చూస్తోంది.

"ఏమైందిరా నీకు?" సేటు మళ్లీ అరిచాడు.

"ఏం గాలే సేటూ. మేడం పాడ్‌కాస్టులు నేను రోజూ వింట. పోయిన వారం అండ్ల మీరు మాట్లాడింది గూడ విన్న. 'సాంచెలు వాటంతటవే నడుస్తయి, పనోళ్లు చెవుల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఊకె నిలవడుతరు' అన్నరు గద. అందుకే నిలవడ్డ."

ఎనిమిదో సాంచె కూడా ఆగింది. ఇరవై ఏళ్లుగా ఆ రొదలో కొట్టుకుపోయిన అంబదాసు గొంతు మొదటిసారి షెడ్డంతా వినబడింది.

సేటు కండె అందుకున్నాడు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దాన్ని ఎటు పెట్టాలో తెలియక తిప్పి తిప్పి చూశాడు.

"మేడం, రికార్డింగ్ బంద్ చేయున్రి!"

సృజన మైకును అంబదాసు వైపు తిప్పింది.

"గిదెప్పుడొస్తది మేడం?" ఇయర్‌ఫోన్ సర్దుకుంటూ అడిగాడతను. "పని చేసుకుంట వింట."