వాయవ్యం తలుపు

“ఈశాన్యాన్ని మన జాలర్లు ‘లాన్‌నోర్’ అని ఎందుకంటారో ఇంత చక్కగా చెప్పారు. అభినందనలు సిన్నోవ గారూ,” అన్నాడు రేడియోలో మాటల పుట్టుక గురించి శ్రోతల ఫోన్లు తీసుకునే ప్రొఫెసరు.

గూరో చేతిలో వాఫిల్ పిండి గరిటె ఆగిపోయింది.

“తీరం వెంట ఉత్తరంగా పడవ నడిపేవాడికి ఆ వైపు నేలుంటుంది, కాబట్టి ‘నేల ఉత్తరం’. మొన్న కాఫీ తాగుతూ నేను చెప్పిన మాట! మీ చెల్లెలు నా పేరైనా చెప్పకుండా ఎత్తుకుపోయింది,” అంది మొగుడితో.

“నేనడగనా దాన్ని?” అన్నాడు ఐలెర్ట్, పేపరు దించకుండా.

“మీరు నోరు కదిపారంటే చూడండి. దాని సంగతి నేను చూసుకుంటా.”

మర్నాడు సిన్నోవ రాగానే గూరో వేడి వాఫిల్ మీద బ్రౌన్ చీజ్ రెండు ముక్కలు వేసింది.

“ఏంటి వదినా, ఇవాళ ఇంత ప్రేమ?”

“రేడియో మనిషివి మరి. అవునూ, వాయవ్యాన్ని ‘ఊత్‌నోర్’ అని ఎందుకంటారో చెప్పలేదేం?”

లాన్‌నోర్ సంగతి తెలిసినవాళ్లకి ఇది తెలియకుండా ఉంటుందా? సిన్నోవకి ఉంటుంది.

“ఎందుకు వదినా?”

“‘ఊత్’ అంటే బయటికి కదా. పూర్వం మాట వినని మొగుణ్ణి పెళ్లాం వాయవ్యం తలుపు తీసి బయటికి గెంటేది. అటునుంచి గాలి ఒక్క విసురు విసిరితే చాలు, బుద్ధి వచ్చేసేది. ఇదిగో, మా వంటింటి తలుపు వాయవ్యాన అందుకే పెట్టారు,” అంది గూరో కన్నార్పకుండా.

శనివారం ఆ కార్యక్రమం వేళకి గూరో చర్చి పాటల బృందం ఆడవాళ్లందర్నీ కాఫీకి పిలిచి రేడియో పెద్దగా పెట్టింది. సిన్నోవ ఫోన్ చేసి గెంటుడు కథంతా పొల్లు పోకుండా చెప్పింది. ప్రొఫెసరుకి నవ్వుతో దగ్గు తెర వచ్చింది.

“అమ్మా, నేలవైపు ఉత్తరం లాన్‌నోర్ అయితే, బయట సముద్రం వైపు ఉత్తరం ఊత్‌నోర్. ఇంతకీ మీకీ కథ కట్టి చెప్పిందెవరు?”

ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. గూరో హాయిగా కాఫీ కప్పు అందుకుంది.

“పోయినసారి వదిన పేరు చెప్పలేదని అన్నయ్య ఫోన్ చేసి చీవాట్లు పెట్టాడండీ,” అంది సిన్నోవ గొంతు. “ఈసారి ఆ తప్పు చెయ్యను. ఇదంతా మా గూరో వదిన పరిశోధన. పేరు రాసుకోండి.”

గదిలో నవ్వు ఆగిపోయింది. గూరో కప్పు దించి మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

ఐలెర్ట్ అప్పటికే కోటు వేసుకుని, వంటింటి తలుపు తనే తీసుకుని బయటికి నడుస్తున్నాడు.