వెనక వసారా

మూడో వరసలో కూర్చున్న ముసలాయన్ను చూడగానే భ్రమరాంబిక చేతిలో సుద్దముక్క విరిగింది.

ఆమె బోర్డు వైపు తిరిగింది. రాయడానికి ఏమీ లేదు. అయినా అలాగే నిలబడింది.

ఆళ్లగడ్డలో అదొక విత్తనాల కంపెనీ. పత్తి గింజలు శుద్ధి చేసి సంచులకెత్తుతారు. ఆ ఏడు, 2006లో, విదేశాల్లో విత్తనం కొనేవాళ్లు ఒక షరతు పెట్టారు. పనిచోట కులం, జాతి తేడాలు కనబడకూడదు. అందుకు అందరికీ తరగతులు జరపాలి. కంపెనీ నంద్యాల నుంచి ‘ఏకపంక్తి’ని పిలిపించింది.

ఏకపంక్తి అంటే ఇద్దరు ఆడవాళ్లు, మేడ మీద ఒక గది. మాట్లాడేది భ్రమరాంబిక. మిగతా చాకిరీ దెబోరాది. కరపత్రం వేయించిందీ దెబోరాయే. ‘చెంచుగూడెం బిడ్డ చెప్పే నిజం’ అని పెద్ద అక్షరాలు.

భ్రమరాంబిక నీళ్ల కుండ దగ్గరకు నడిచింది. దెబోరా వెనకే వచ్చింది.

“ఏందక్కా, మొగమంతా చెమట?”

“మూడో వరసలో ఆ తెల్లపంచె ఎవరు?”

“రామయ్య. రుద్రవరం తట్టు పెద్ద రైతు. కంపెనీ విత్తనంలో సగం ఆయప్ప చేలల్లోదే. ఆయప్ప వద్దంటే కంపెనీ వద్దంటాది. ఏం, నీకు తెలుసా?”

“ఆయప్పకు నేను తెలుసు. పోదాం పా. నాకు జరమని చెప్పు.”

“బాగుంది! ఈ పని పోతే గదికి తాళమే. నేను మళ్లా బడిలో టీచరుగా చేరతా. నువ్వు యాడికి పోతావ్?”

భ్రమరాంబికకు పోయే చోటు లేదు. ఊరు వదిలి చాలా ఏళ్లయింది. రుద్రవరం దారి కనబడితే బస్సులో తల వంచుకుని కూర్చునేది.

“నువ్వు మాట్లాడు దెబోరా. నీకూ ఉంది కదా చెప్పుకునేది.”

“నాది చెప్తే ఎవురూ ఏడ్వరక్కా. నువ్వు చెప్తేనే ఏడుస్తారు.”

కిటికీ అవతల ఒక జీపు ఆగి ఉంది. దానికి ఆనుకుని ఇద్దరు మనుషులు. రామయ్య మనుషులు. ఒకడు బీడీ పీలుస్తూ హాల్లోకే చూస్తున్నాడు.

దెబోరా ఆ చూపును పట్టుకుంది. గొంతు తగ్గించింది.

“ఆయప్పకు భయపడేదేందీ? చిప్పలో మజ్జిగ తాపినోళ్లు సిగ్గుపడాల. తాగినోళ్లకేం?”

భ్రమరాంబిక కొంగుతో మొహం తుడుచుకుని బల్ల దగ్గరకు నడిచింది. 

తరగతి మొదలైంది. ఒకే కుండ, ఒకే గ్లాసు అంది. పేరు పెట్టి పిలవండి, కులం పెట్టి పిలవొద్దంది. ఎప్పుడూ చెప్పే కథ మాత్రం దాటేసింది. దాటేసి, ఇక చాలని కాగితాలు సర్దుకోబోయింది.

ముందు వరసలోంచి మేనేజరు పవన్ లేచాడు.

“మేడమ్, మజ్జిగ సంగతి చెప్పలేదు. నంద్యాల మీటింగులో విన్నరోజు నాకు అన్నం సయించలేదు. వీళ్లూ వినాలి.”

రామయ్య కండువా సర్దుకున్నాడు. కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

తప్పలేదు. ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

“నల్లమల కింద ఒక పెద్దిల్లు. తేనె, జిగురు తెచ్చిన గూడెంవాళ్లు ముందు గుమ్మం తొక్కకూడదు. వెనక వసారా దగ్గర కూర్చోవాలి. దప్పికంటే మజ్జిగ పోసేవాళ్లు. కొబ్బరి చిప్పలో. చెయ్యి తగలకుండా పైనుంచి. సగం మెడ మీద పడేది. తాగాక ఆ చిప్పను కడిగి చూరులో దోపి పోవాలి.”

గొంతు వణికింది. భయంతో వణికింది. హాలు దాన్ని దుఃఖమనుకుంది.

“పిల్లి మూతి పెట్టిన పెరుగు ఆ ఇంట్లో ఎవరూ తినరు. దాన్నే చిలికి పోసేవాళ్లు.”

రామయ్య ఉలిక్కిపడ్డాడు.

వెనక వరసలో తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గూడెం నుంచి వచ్చి కొత్తగా సంచులు కుట్టే పనిలో చేరిన మనిషి.

“నిజమే సెప్తాంది బిడ్డ. నేనూ తాగినా,” అంది. తర్వాత మెల్లగా, “పిల్లి సంగతి మాత్రం మాకెవురూ సెప్పల్యా,” అంది.

చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

రామయ్య లేచాడు. చప్పట్లు ఆగిపోయాయి. బయట బీడీ పీల్చేవాడు దాన్ని పారేసి నిటారుగా నిలబడ్డాడు.

“నాదొక మాట,” అన్నాడు రామయ్య.

భ్రమరాంబిక బల్ల అంచు పట్టుకుంది.  దెబోరా రెండడుగులు ముందుకొచ్చి ఆమె పక్కన నిలబడింది.

రామయ్య తిరుపాలమ్మను చూశాడు. గోడకు అంటించిన కరపత్రం చదివాడు. భ్రమరాంబికను తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

“కూడు సల్లారతాంది. తిందాం పాండి.”

అందరూ నవ్వారు. మేనేజరు మరీ గట్టిగా నవ్వాడు.

“చూసినావా?” దెబోరా ఆమె చెవిలో అంది. “సిగ్గుతో నోరు పడిపోయింది ఆయప్పకు.”

భోజనాలు ఒకే వరసలో. అది ఏకపంక్తి పెట్టిన నియమం. భ్రమరాంబికకు ఒక పక్క తిరుపాలమ్మ కూర్చుంది. రెండో పక్కకు రామయ్య వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముగ్గురికీ స్టీలు గ్లాసుల్లో మజ్జిగ పోశారు. తిరుపాలమ్మ గటగటా తాగింది. భ్రమరాంబిక గ్లాసు ఎత్తి పోసుకోబోతే సగం మెడ మీద ఒలికింది.

రామయ్య ఆమె వైపు చూడలేదు. విస్తట్లో అన్నం కలుపుకుంటూ, ఆమెకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

“మీ ఇంటి వెనక వసారాలో గూడెమోళ్లకు మీ అమ్మ ఇంకా ఆ చిప్పలోనే పోస్తాంది, కోడలా.”