అరంగుళం స్క్రూలు

"గడియ పెట్టిస్తేనే మాత్ర వేసుకుంటా."

నాలుగు రోజుల తరవాత కూతురి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

పదహారేళ్ళ పిల్ల. మూడు నెలలుగా మంచం దిగడం లేదు. తల దువ్వుకోదు, ఒంటిమీద బట్ట మార్చదు, బడి పేరెత్తితే గోడవైపు తిరుగుతుంది.

డిప్రెషన్ అన్నాడు డాక్టరు. పొగరు అన్నాడు తండ్రి. తలుపేసుకుని లోపల ఏం వెలగబెడుతోందంటూ ఒకరోజు గడియ పీకి పారేసింది ఆయనే.

తల్లికి ఆ రెండింట్లో ఏది నిజమో తెలియదు. ఆమెకు తెలిసిందల్లా భయం. పిల్ల దగ్గినా భయమే, దగ్గకపోయినా భయమే. గడియ పెడితే ఒక భయం, పెట్టకపోతే మాత్ర మానేస్తుందని ఇంకో భయం.

"పిల్ల అడిగినవాటిలో ఒక్కటైనా వినండమ్మా," అన్నాడు డాక్టరు ఫోన్లో.

ఆ ఒక్కటీ ఏమిటో ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు.

వీధి చివరి తలుపుల షాపువాళ్ళు వడ్రంగిని పంపారు. నెరిసిన గడ్డం, భుజాన గుడ్డ సంచీ. నత్త నయం, అంత నెమ్మది మనిషి.

తలుపు చూశాడు. గోడవైపు తిరిగి పడుకున్న పిల్లను చూశాడు. కిటికీ కింద ముట్టని కంచాన్ని చూశాడు.

"పాపకెన్నేళ్ళమ్మా?"

తల్లికి ఒళ్ళు మండింది. "నీకెందుకయ్యా? వచ్చిన పని చూసుకో."

"బడికి వెళ్తోందా?"

"తలనొప్పి. అందుకే పడుకుంది." అందరికీ చెప్పే అబద్ధమే అతనికీ చెప్పింది.

అతను చేతిలోకి తీసిన పొడుగు స్క్రూలను మళ్ళీ సంచీలో వేశాడు. అడుగుదాకా వెతికి చిన్నవేవో బయటికి తీశాడు.

"అంత బుల్లివా?"

"ఇవి చాలమ్మా."

బిగించడం అయ్యాక పిల్లను పిలిచాడు. "తల్లీ, ఒకసారి వేసి చూడు."

పిల్ల లేచింది!

గడియ అటూ ఇటూ లాగి చూసింది పిల్ల. "గట్టిగా ఉంటుందా అంకుల్?"

"లోపల్నుంచి నీకెంత కావాలంటే అంత గట్టి."

ఆ సాయంత్రం పిల్ల మాత్ర వేసుకుంది. మర్నాడు స్నానం చేసింది. వారం తిరిగేసరికి జడ వేయమని వచ్చి తల్లి ముందు కూర్చుంది. చిక్కులు తీస్తున్నంతసేపూ తల్లి నోరు మెదపలేదు. మాట్లాడితే ఆ కాస్తా చెదిరిపోతుందేమోనని.

తండ్రి ఆ తలుపుకు భుజం ఆనించి నిలబడ్డ రోజున గడియ కదిలింది.

"చూశావా వాడి నిర్వాకం! తలుపుకేమో సరైనవే వేశాడు. గడియ దూరే పట్టీకి మాత్రం అరంగుళం స్క్రూలు! చిన్నపిల్ల తోసినా ఊడొస్తుంది. పనిదొంగ. ఆదివారం నేనే పెద్దవి వేస్తాలే."

తల్లి షాపుకు ఫోన్ చేసి దులిపేసింది.

"ఎలాంటివాళ్ళనండీ ఇళ్ళకు పంపిస్తారు? పని రాదు సరే. ఆడపిల్ల వయసెంత, బడికి వెళ్తుందా అని ఆరాలు కూడానా?"

అవతల షాపాయన గొంతు తగ్గించాడు.

"ఆరాలు తీశాడామ్మా?"

"అబద్ధం చెప్తానా? ఇంకో ఇంటికి పంపకండి అతన్ని."

ఆదివారం ఇంకా రాలేదు. గురువారం మధ్యాహ్నం తల్లి కంచం పట్టుకుని తలుపు కొట్టింది.

పిల్ల పలకలేదు.

పేరు పెట్టి పిలిచింది. బతిమాలింది. అరిచింది. చుట్టుపక్కల ఇళ్ళలో ఆ వేళ మగ పురుగు లేదు.

సీసా మూత కూడా తిప్పలేని చేతులు ఆమెవి. కళ్ళు మూసుకుని ఒక్క తోపు తోసింది.

పట్టీ ఎగిరి ఎక్కడో పడింది. తలుపుతో పాటు ఆమె కూడా లోపలికి పడింది, నేలమీద సోలిపోయి ఉన్న పిల్ల పక్కనే.

"ఇంకో పావుగంట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదమ్మా," అన్నారు ఆస్పత్రిలో.

పది రోజులకు ఇంటికి తెచ్చుకున్నారు. మాత్రలు మారాయి. మంచం అదే, గోడ అదే, గోడవైపు తిరిగిన వీపూ అదే. వేసిన జడ వేసినట్టే అట్టకట్టుకుపోయింది.

"ఎన్నాళ్ళకు మామూలు మనిషవుతుంది డాక్టరుగారూ?"

డాక్టరు చీటీ రాస్తూ తలెత్తలేదు. "చూద్దామమ్మా."

గది ఊడుస్తుంటే మంచం కింద చీపురుకు తగిలాయి. రెండు అరంగుళం స్క్రూలు.

అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. అతను పొడుగువి చేతిలోకి తీసి మళ్ళీ సంచీలో వేయడం కళ్ళముందు కదిలింది. చీపురు అక్కడే వదిలేసి షాపుకు పరిగెత్తింది.

"ఆయన... ఆ వడ్రంగి ఎక్కడండీ?"

షాపాయన ఆమెను గుర్తుపట్టాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"మీరు చెప్పిన రోజే మానిపించానమ్మా. సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఉంటున్న గదీ ఖాళీ చేశాడట. ఎక్కడికెళ్ళాడో ఎవరికీ తెలీదు."

"ఏమీ అనలేదా?"

"మీ పాప ఎలా ఉందని అడిగాడు. నాకు ఒళ్ళు మండి, నీకెందుకన్నాను."

ఆమె గుప్పిట విప్పింది. "ఆయనకు పని రాకపోవడమేంటండీ? ఇవి ఎందుకు వేశాడో మీకు తెలుసా?"

స్క్రూలను చూడగానే షాపాయన చేతిలోని టేపు బల్లమీద పెట్టేశాడు.

"వాళ్ళమ్మాయిదీ మీ పాప వయసేనమ్మా... ఆ గది గడియ ఆయన సొంత చేత్తో, రెండంగుళాల స్క్రూలతో బిగించిందే... ఆ రోజు ఆయనతో కలిపి నలుగురం తోశాం, ఊడిరాలేదు."