ఒట్టు తప్పిన శుక్రవారం

భర్త విప్పిన కోటు నగాత్ అందుకుంది. పొగాకు వాసన గుప్పుమంది.

"మళ్ళీనా?" అంది.

రిఫాత్ మాస్టారు తల వంచుకున్నాడు. "మళ్ళీ తప్పాను."

ఆమె పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది. అల్లా మీద ఒట్టేసి తప్పినవాడు పదిమంది పేదలకు కడుపునిండా పెట్టాలి. సిగరెట్ మానేస్తానని మాస్టారు వేసిన ఒట్లకు అంతే లేదు. ఒకప్పుడు ఒక్కో ఒట్టు రెండు నెలలైనా నిలిచేది. చలికాలం నుంచి వారం కూడా నిలవడం లేదు. ప్రతి శుక్రవారం పప్పూ అన్నమూ వండలేక ఆమె నడుం పడిపోతోంది. అంతకన్నా సిగ్గు ఆమెను ఎక్కువగా తినేస్తోంది. టాంటా ఊళ్ళో ఆ వీధికి ఇంకో కబురే లేనట్టుంది.

పేదల్ని వెతకక్కర్లేదు. వీధి చివర బహీగా ముసలమ్మ ఇంట్లో, మొన్న చలికాలంలో కొడుకు పోయాక, కోడలూ మనవలూ కలిపి సరిగ్గా పదిమంది.

నమాజు కాగానే దంపతులిద్దరూ గిన్నెలతో వెళ్ళారు. ముసలమ్మ వాకిట్లోనే అందుకుంది.

"ఏం మాస్టారూ, ఈ వారం కూడా ఊదేశావా? బళ్ళో పిల్లలకు బుద్ధులు చెప్పేది ఈ నోటితోనేనా?"

"తప్పయిపోయిందమ్మా."

"మావాడు పోయిన కొత్తలో నీ పెళ్ళాం రొట్టెలు పట్టుకొస్తే మొహం మీదే తలుపేశాను, గుర్తుందా? ఒకరి ధర్మం తినే కొంప కాదిది. నీ పాపం నీ నెత్తిన ఉంటే చూడలేక తింటున్నాం, అంతే. ఇలా ఇయ్యి."

గుమ్మాల్లో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. వెనక నిలబడ్డ నగాత్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంత నిలకడలేని మనిషితోనా ఇరవై ఏళ్ళు కాపురం చేశాను అనుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు భర్తను ముందు పంపేసి, షహాతా కాఫీ కొట్టు దగ్గర ఆగింది. లోపలికి అడుగు పెట్టకుండా బయటినుంచే పిలిచింది.

"షహాతా అన్నా, నీకు దణ్ణం పెడతాను. ఇకమీద మా ఆయనకు సిగరెట్లు అమ్మొద్దు."

షహాతా తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టి ఆమెవంక వింతగా చూశాడు.

"ఆయన సిగరెట్ ముట్టి నాలుగు నెలలైందమ్మా. ప్రతి శుక్రవారం పొద్దున్నే వచ్చి, పొగ తాగేవాళ్ళ మధ్య ఆ కోటు తగిలించి, వాసన పట్టేదాకా తను బయట మెట్టు మీద కూర్చుంటాడు."